అక్షరం ఎక్కడ విరిగిందో అక్షరమే చెబుతుంది

(రాయగడలో తెలుగు విద్యార్థులు, కంప్యూటర్ కేంద్రాలు నడిపేవారి ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దలున్నారు, వెనక ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. జనసేవా కేంద్రాలు నడిపేవాళ్లు కూడా కొందరు వచ్చారు. మనం పంపిన తెలుగు మెయిల్ అవతలి వాళ్లకు పిచ్చి గీతలుగా ఎందుకు కనిపిస్తుంది, అలా కాకుండా ఉండాలంటే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఏం చెయ్యాలి అన్నదే ఈ రోజు విషయం.

హైదరాబాదులో ఉన్నవాళ్ల కంటే ఈ బాధ మనకే ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజు సరిహద్దు గీశారు గానీ చుట్టరికాలు, బేరసారాలు అటూ ఇటూ అలాగే సాగుతున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రైల్వే కాగితం మీద హిందీ, బ్యాంకులో ఇంగ్లిష్. ఇక్కడి నుంచి పార్వతీపురం వెళ్లే ఒక్క మెయిల్ తీసి చూడండి. పంపినవారి పేరు తెలుగులో ఉంటుంది, చిరునామా ఒడియాలో ఉంటుంది, లోపల మాటలు మూడు లిపుల్లో కలగలిసి ఉంటాయి. మహారాష్ట్ర వైపు సిరోంచలో ఉన్న మనవాళ్లకూ ఇదే పరిస్థితి, ఒడియా బదులు మరాఠీ. ఒక్క లిపి మాత్రమే ఉంటే ఏదో ఒక అడ్డదారిలో నెట్టుకురావచ్చు. మూడు లిపులున్న చోట అడ్డదారులు పనిచెయ్యవు. ప్రపంచ లిపుల్లోని ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ ఒక్కటే దారి, ఆ సంఖ్యలను కంప్యూటర్లో, మెయిల్లో పెట్టడానికి యూటీఎఫ్-8 ఒక్కటే సరైన పద్ధతి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, 0 నుంచి 255 దాకా అంకెలే తెలుసు. ఆ అంకెను బైటు అంటాం. లారీలో వచ్చిన బస్తాల మీద చీటీ ఉంటేనే ఏది వడ్లో ఏది చింతపండో విప్పకుండా తెలుస్తుంది కదా, అలాగే బైట్ల వెంట ‘ఇవి యూటీఎఫ్-8 ప్రకారం చదువుకో’ అనే చీటీ వెళ్లాలి. ఆ చీటీ పేరే చార్‌సెట్. నేను చూసిన తెలుగు మెయిల్ గొడవల్లో ఎక్కువ భాగం బైట్లు సరిగానే ఉండి, చీటీ లేకనో తప్పు చీటీ అంటించో వచ్చినవే.

దగ్గరగా ఒక అక్షరం చూద్దాం. ‘తె’. కంటికి ఒక్కటే. యూనికోడ్‌లో మాత్రం రెండు: త ఒకటి, ఎత్వం ఒకటి. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు. త అంటే 224, 176, 164. ఎత్వం అంటే 224, 177, 134. ఈ ఆరు అంకెలను పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పాత విండోస్-1252 పట్టికతో చదివితే ఏమవుతుందో చూడండి. 224 అంటే ఫ్రెంచి వాళ్లు వాడే, నెత్తిన ఏటవాలు గీత ఉన్న చిన్న ఏ (à). 176 అంటే డిగ్రీ గుర్తు, 164 అంటే కరెన్సీ గుర్తు. 177 ప్లస్ మైనస్ గుర్తు, 134 బాకు గుర్తు (†). మీలో చాలామంది చూసే ఉంటారు, తెలుగు మెయిల్ తెరిస్తే గీతల ఏలు, డిగ్రీలు వరసకట్టి ఉంటాయి. అది చెత్త కాదు, మీ తెలుగే. బైట్లన్నీ క్షేమంగా ఉన్నాయి, చదివే పట్టిక మారిందంతే.

ఇందులో సరిహద్దు జిల్లాల వాళ్లకు బాగా పనికొచ్చే సంగతి ఒకటుంది. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు 224, రెండోది 176 గానీ 177 గానీ. ఒడియాకు మొదటిది అదే 224, రెండోది 172 గానీ 173 గానీ. దేవనాగరికి రెండోది 164 గానీ 165 గానీ. కాబట్టి చెడిన మెయిల్లో ప్రతి à పక్కనే డిగ్రీలు (°), ప్లస్ మైనస్‌లు (±) కనిపిస్తే అది తెలుగు. à పక్కనే మూల వంగిన గీత (¬) పదే పదే కనిపిస్తే ఒడియా. à పక్కనే కరెన్సీ గుర్తు (¤), జపాన్ యెన్ గుర్తు (¥) కనిపిస్తే హిందీయో మరాఠీయో. ఏ లిపో తెలిస్తే ఎవరి దగ్గర పాడైందో సగం తెలిసిపోతుంది.

ఇలా పాడైన దాన్ని తిరిగి బాగుచెయ్యవచ్చు, కానీ ఆలస్యం చెయ్యకూడదు. విండోస్-1252 పట్టికలో ఐదు గడులు ఖాళీ: 129, 141, 143, 144, 157. మన పొల్లు గుర్తు, అంటే ఒత్తులన్నిటినీ కలిపే ఆ చిన్న గుర్తు, దాని మూడో బైటు సరిగ్గా 141. కొమ్ము (ు) మూడో బైటు 129. చెడిన మెయిల్‌ను ఎవరైనా ఆ రూపంలోనే మళ్లీ సేవ్ చేస్తే, కొన్ని ప్రోగ్రాములు ఖాళీ గడిలో పడిన బైటును పారేస్తాయి. అప్పుడు మీరు వెనక్కి మార్చినా హల్లులు, మిగతా గుణింతాలు చాలావరకు తిరిగి వస్తాయి గానీ కొమ్ములు పోతాయి, సంయుక్తాక్షరాలన్నీ విరిగిపోతాయి. అందుకే చెడిన మెయిల్ వస్తే ఫార్వర్డ్ చెయ్యకండి, కాపీ చేసి వర్డ్‌లో పెట్టకండి. అసలు మెయిల్‌ను ఉన్నదున్నట్టు ఫైల్‌గా దించి, బాగుచేసేవాళ్లకు ఆ ఫైలే ఇవ్వండి.

ప్రశ్నార్థకాలు వస్తే మాత్రం కథ వేరు. రాయగడ అని టైపు చేస్తే ఐదు ప్రశ్నార్థకాలు కనిపించాయనుకోండి. ర, దీర్ఘం, య, గ, డ, లెక్క సరిపోయింది. తెలుగు చోటులేని పట్టికలోకి తెలుగును తోస్తే ప్రోగ్రాము ఒక్కో గుర్తు బదులు ఒక్కో ప్రశ్నార్థకం రాసి అసలుది పారేసింది. ఇక దాన్ని ఎవరూ తిరిగి తేలేరు. ఇది ఎక్కువగా డేటాబేస్ గుమ్మంలో జరుగుతుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రాము 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా, మీరు ఏమీ చెప్పకపోతే టేబుల్‌ను పశ్చిమ యూరప్ అక్షరాలే ఉన్న లాటిన్-1 పట్టికలో తయారు చేసేది. కఠిన నియమం (స్ట్రిక్ట్ మోడ్) పెట్టుకోకపోతే తప్పు జరిగిందని కూడా చెప్పదు, ప్రశ్నార్థకాలు రాసి ఊరుకుంటుంది. ఒక సంస్థ పంపిన నోటీసుల్లో సభ్యుల పేర్లన్నీ ఇలా ప్రశ్నార్థకాలుగా వచ్చాయి. ప్రింటర్‌ను అనుమానించి దాన్ని మార్చారు. పేర్లు అప్పటికే డేటాబేస్‌లో పోయాయి. వాటిని పాత దరఖాస్తు కాగితాలు చూసి చేత్తో మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. తన పేరు కాగితం మీద ప్రశ్నార్థకాలుగా చూసుకున్న ముసలాయన ముఖం చూస్తే ఇది చిన్న సాంకేతిక లోపం అని ఎవరూ అనలేరు.

డబ్బాలు కనిపిస్తే భయపడాల్సింది లేదు, ఆ యంత్రంలో ఆ లిపికి ఫాంటు లేదంతే. à వరసలు లేకుండా ఇంగ్లిష్ అక్షరాలు, విరామ చిహ్నాలు, ఇతర గుర్తులు కలగలిసి అర్థం లేకుండా వస్తే అది అను ఫాంట్స్ లాంటి పాత డీటీపీ ఫాంటుతో కొట్టిన మేటర్. అక్కడ చార్‌సెట్ ఎంత మార్చినా ఫలితం ఉండదు, ఆ ఫాంటుకు తగిన కన్వర్టర్ వాడి యూనికోడ్‌కు మార్చాలి. శుభలేఖలు, కరపత్రాలు వేసే షాపులవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

నల్లటి వజ్రంలో తెల్ల ప్రశ్నార్థకం కనిపిస్తే, ఒక అక్షరపు బైట్లను మధ్యలో ఎవరో కోశారని చాలాసార్లు అర్థం. మెయిల్ సబ్జెక్టులో ఇది ఎక్కువ. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మెయిల్ నియమాలు 1982లో ఆర్‌ఎఫ్‌సీలు అనే ఇంటర్నెట్ నియమ పత్రాల్లో రాశారు. ఆర్‌ఎఫ్‌సీ 821, 822. అప్పుడు 7 బిట్ల, అంటే 0 నుంచి 127 దాకా అంకెల్లో పట్టే ఇంగ్లిష్ తప్ప ఇంకోటి పంపే వీలు లేదు. పదేళ్లకు, 1992లో, నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే పద్ధతి తెచ్చారు. దారి ఇంగ్లిష్‌దే, దాని మీదే మిగతా ప్రపంచ భాషలు ప్రయాణం చేసే ఉపాయం అది. మన అక్షరాల మూడు బైట్లను బేస్64 అనే లెక్కతో నాలుగు ఇంగ్లిష్ అక్షరాలుగా మార్చి పంపుతారు. తెలుగు గుర్తు ఏదైనా సరిగ్గా మూడు బైట్లే కాబట్టి సరిగ్గా నాలుగు అక్షరాలే అవుతుంది. ఇంకో పద్ధతి కోటెడ్ ప్రింటబుల్. అది ఇంగ్లిష్ ఎక్కువున్న మెయిల్‌కు బాగుంటుంది. తెలుగుకు వాడితే ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాలవుతుంది. కాబట్టి తెలుగు, ఒడియా మెయిళ్లకు బేస్64 పెట్టండి. మార్చకుండా నేరుగా 8 బిట్లలో పంపితే ఇంకో ప్రమాదం: మెయిల్లో ఒక వరస 998 బైట్లు దాటకూడదు. ఎంటర్ కొట్టకుండా రాసిన తెలుగు పేరా 332 గుర్తులు దాటితే ఆ హద్దు దాటినట్టే. మధ్యలో ఏ సర్వరో వరసను విరిచేస్తే అక్షరం కూడా దాంతోపాటు విరుగుతుంది.

సబ్జెక్టుకు నియమం ఇంకా గట్టిది. తెలుగు సబ్జెక్టును ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకూ ముందు చార్‌సెట్ పేరు పెట్టి పంపాలి. గుర్తులతో కలిపి ఒక ముక్క 75 అక్షరాలు దాటకూడదు. చార్‌సెట్ పేరు, ముందూ వెనకా గుర్తులు పోగా 45 బైట్లకు చోటు ఉంటుంది. అంటే 15 తెలుగు గుర్తులు. ఒక అక్షరం బైట్లు రెండు ముక్కల మధ్య విడిపోకూడదని నియమంలో స్పష్టంగా రాసి ఉంది. కానీ కొందరు సొంతంగా రాసుకున్న కోడ్‌లో అక్షరాలు లెక్కపెట్టరు, 45 బైట్ల దగ్గర కత్తిరించేస్తారు.

ఇప్పుడు ఈ సబ్జెక్టు చూడండి: ‘గుణుపురం బస్సు 7 గంటలకు’. గుణుపురంలో 8 గుర్తులు, 24 బైట్లు. ఖాళీ 1, మొత్తం 25. బస్సులో 5 గుర్తులు, 15 బైట్లు, 40 అయింది. ఖాళీ, ఏడు, ఇంకో ఖాళీ, 43. తర్వాత గంటలకులోని గ మొదలవుతుంది. దాని మూడు బైట్లలో రెండు మొదటి ముక్కలో పడతాయి, మూడోది రెండో ముక్కకు పోతుంది. అవతల గ ఉండాల్సిన చోట నల్ల వజ్రాలు, పక్కన ఒంటరిగా సున్న. పరీక్ష చేసేవాళ్లు ఖాళీలు లేని ఒకే పొడుగు తెలుగు మాట పెట్టి చూస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు, ఎందుకంటే 45 మూడుతో నిశ్శేషంగా పోతుంది, కోత ఎప్పుడూ అక్షరం చివరే పడుతుంది. ఒక్క ఖాళీ, ఒక్క అంకె కలిస్తేనే లెక్క తప్పుతుంది. పైగా కొన్ని మెయిల్ యాప్‌లు ముక్కలన్నీ అతికించాకే చదువుతాయి, వాటిలో అంతా బాగానే కనిపిస్తుంది. మీ ఫోన్‌లో బాగుంది, పర్లాకిమిడిలో మామయ్య ఫోన్‌లో పాడైంది అంటే కారణం ఇదే కావచ్చు.

అందుకే నా మాట వినండి, మెయిల్ హెడర్లు, అంటే సబ్జెక్టు, పంపినవారి పేరు లాంటి పైవరసలు, చేత్తో తయారు చెయ్యకండి. పైథాన్‌లో ఈమెయిల్ ప్యాకేజీ ఉంది, అది ఈ నియమాలన్నీ చూసుకుంటుంది. పీహెచ్‌పీ వాళ్లకు పీహెచ్‌పీమెయిలర్ ఉంది, కానీ మీరు చార్‌సెట్ చెప్పకపోతే అది ఐఎస్‌ఓ-8859-1 అనుకుంటుంది, కాబట్టి యూటీఎఫ్-8 అని మీరే రాయాలి. జావాలో 2022లో వచ్చిన 18వ వెర్షన్ నుంచే యూటీఎఫ్-8 దానంతట అదే వస్తుంది. అంతకుముందు వాటిలో ఆ కంప్యూటర్ ఏది అనుకుంటే అది. మీ ల్యాప్‌టాప్‌లో పనిచేసి సర్వర్‌లో పనిచెయ్యదు. జతచేసిన ఫైలు పేరు తెలుగులో ఉంటే దానికి ఇంకో నియమం, 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2231. లైబ్రరీ వాడితే అదీ సరిపోతుంది. ఎక్సెల్‌లో తెరవాల్సిన సీఎస్‌వీ ఫైలు పంపుతుంటే మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్లు పెట్టండి. అవి లేకపోతే ఎక్సెల్ మన తెలుగును డిగ్రీలుగా చూపిస్తుంది.

అక్షరం క్షేమంగా చేరాక మాట బాగుండాలి కదా. స్థానికీకరణ అంటే అదే. ఇక్కడ నాకు ఎక్కువ పట్టింపు ఉంది.

ఇంగ్లిష్‌లో ఊరి పేరుకు ముందు ‘టు’ అని పెడితే ఏ ఊరికైనా సరిపోతుంది. దాన్ని చూసి మనవాళ్లు ‘మీ పార్సిల్ ఫలానా కు చేరింది’ అని మూస తయారుచేసి, ఊరి పేరు అందులో అతికిస్తారు. రాయగడకు బాగుంది. గుణుపురం వచ్చేసరికి ‘గుణుపురం కు’ అంటుంది. మన నోట్లో గుణుపురానికి. పర్లాకిమిడికి, కొరాపుట్‌కు. ప్రతి ఊరికీ విభక్తి లెక్క ప్రోగ్రాములో రాయడం కన్నా వాక్యం మార్చడం మేలు. ‘పార్సిల్ చేరింది. ఊరు: గుణుపురం.’ పేరు చెక్కు చెదరకుండా ఉంటుంది. ‘పంపాడు, పంపింది’ కూడా అంతే. ఒడియా క్రియకు లింగం లేదు కాబట్టి ఒడియా అనువాదకుడికి ఈ చిక్కే కనిపించదు, తెలుగు చేసేవాళ్లే అడగాలి. మనకు ‘పంపారు’ అన్న మర్యాద రూపం ఉంది, అందరికీ అదే వాడండి. మరాఠీ పక్కన పనిచేసేవాళ్లకు ఇంకో జాగ్రత్త: మరాఠీ లొకేల్‌లో, అంటే ప్రోగ్రాముకు మరాఠీ భాష అమర్చినప్పుడు, అంకెలు మామూలుగానే దేవనాగరిలో వస్తాయి. తెరమీద చూపించిన అంకెను తిరిగి చదివి లెక్కవేసే కోడ్ ఉంటే అక్కడ ఆగిపోతుంది.

బటన్ల మీద మాటల సంగతి. ‘నిష్క్రమించుము’, ‘అవరోహణ చేయుము’ అని ఎవరు మాట్లాడతారు? గిడుగు రామమూర్తి పంతులుగారు మన పక్కనే పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ వాడుక తెలుగు కోసం జీవితమంతా పోరాడారు. ఆ నేల మీద ఉండి మనం తెరమీద ‘చేయుము’ అని రాయకూడదు. ‘బయటికి’, ‘దించుకోండి’, ‘మళ్లీ పంపండి’ చాలు. ఓటీపీ, పాస్‌వర్డ్ లాంటివి జనం నోట నానిపోయాయి, వాటిని తెలుగు లిపిలో అలాగే ఉంచండి.

పేర్ల గురించి చెప్పకపోతే ఈ ఊళ్లో మాట్లాడినట్టే కాదు. యూనికోడ్ మన దేశపు లిపులను ఇస్కీ అనే భారతీయ ప్రమాణం వరసలోనే పేర్చింది. అందుకని తెలుగు త సంఖ్య 3108 అయితే ఒడియా త 2852. తేడా 256. దాదాపు అన్ని అక్షరాలకూ అదే తేడా. ఇది చూసి 256 తీసేస్తే తెలుగు పేరు ఒడియాలోకి మారిపోతుందని కోడ్ రాసేవాళ్లున్నారు. మన ఊరి పేరే పెట్టి చూడండి. తెలుగు య 3119, 256 తీస్తే 2863. ఒడియాలో 2863వ అక్షరాన్ని ‘జ’ అని పలుకుతారు. ‘య’ పలికే అక్షరం వేరే ఉంది, 2911 దగ్గర. అంటే రాయగడ కాస్తా ఒడియా వాళ్ల నోట రాజగడ అయింది. అటునుంచి ఇటు తెస్తే ఇంకా ఘోరం, 2911కి 256 కలిపితే తెలుగు పట్టికలో ఖాళీ గడి వస్తుంది. మనిషి పేరును లెక్కతో మార్చకండి. ఆ మనిషినే రెండు లిపుల్లో రాయమనండి, రెండు గళ్లలో దాచండి.

పేర్లలో కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. కొరాపుట్‌కు అన్నప్పుడు ట్, కు అనే రెండిటి మధ్య అతుకు పడకుండా ఆపేది అది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పనికిరాని ఖాళీ అనుకుని దాన్ని తుడిచేసే కోడ్ చాలాచోట్ల ఉంది, అప్పుడు ట కింద క వత్తు వచ్చి కూర్చుంటుంది. దాన్ని దాచేటప్పుడు ఉంచండి, వెతికేటప్పుడు మాత్రం పట్టించుకోకండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరం వస్తే మెసేజి యాప్ మూసుకుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది జ్ఞా, దాని మధ్యలో ఈ కనబడని గుర్తే ఉంది. అంత పెద్ద కంపెనీ కూడా ఐఓఎస్ 11.2.6 పంపి సరిచెయ్యాల్సి వచ్చింది. కాబట్టి తెలుగును పరీక్షించడం చివర్లో చేసే పని కాదు, మొదటి రోజే చెయ్యాలి.

(ఇక్కడ ఒక విద్యార్థి లేచి, తమ ప్రాజెక్టు డేటాబేస్‌లో తెలుగు, ఒడియా బాగానే వస్తున్నాయని, సవర పేర్లు మాత్రం ఎక్కడం లేదని, చార్‌సెట్ యూటీఎఫ్-8 అనే పెట్టామని చెప్పాడు.)

మంచి ప్రశ్న తమ్ముడూ, గుణుపురం వైపు పనిచేసేవాళ్లందరూ వినాలి. మంగేయి గొమాంగో 1936లో సవర భాషకు లిపి తయారుచేశారు, సొరా సొంపెంగ్. అది 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. కానీ మన పట్టికల పక్కన చోటు దొరకలేదు, చాలా దూరంలో పెట్టారు. అందుకే దానికి యూటీఎఫ్-8లో ఒక్కో అక్షరానికి నాలుగు బైట్లు, 240, 145, 131, ఆ తర్వాత అక్షరాన్ని బట్టి నాలుగోది. మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అని పేరు పెట్టినది మూడు బైట్ల దాకానే పడుతుంది. తెలుగు, ఒడియా మూడులోనే సరిపోతాయి, అందుకే మీకు అనుమానం రాలేదు. చాలా ఎమోజీలు కూడా నాలుగు బైట్లే, అవీ ఎక్కవు, కావాలంటే ఇంటికెళ్లి చూడు. నీకు కావాల్సింది ‘యూటీఎఫ్8ఎంబీ4’. 2010లో 5.5.3 నుంచి ఉంది. డేటాబేస్‌కు మారిస్తే చాలదు, టేబుల్‌కు, కాలమ్‌కు, నీ ప్రోగ్రాము డేటాబేస్‌తో మాట్లాడే కనెక్షన్‌కు, నాలుగు చోట్లా మార్చాలి. మార్చే ముందు బ్యాకప్ తీసుకో. తర్వాత అదే పేరును మెయిల్ సబ్జెక్టులో పెట్టి పంపి చూడు. ఇందాక 45 బైట్ల లెక్క చెప్పాను కదా, నాలుగుతో 45 పోదు, కాబట్టి సబ్జెక్టు 11 అక్షరాలు దాటితే ఖాళీలు లేకపోయినా కోత తప్పు బయటపడుతుంది. జావాస్క్రిప్ట్‌లో పొడవు లెక్కపెడితే ఈ లిపిలో ఒక్కో అక్షరం రెండుగా వస్తుంది. పేరు గడికి పరిమితి పెట్టేటప్పుడు అది చూసుకో, లేకపోతే తెలుగు పేర్లు పట్టిన గడిలో సవర పేర్లు సగమే పడతాయి.